తునికాకు కట్ట కట్టినంత సేపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తగువులన్నిటికీ నా కుడి మోకాలే మూలం. ములకలపల్లి దగ్గర అడవి అంచున మా ఊరు. నాకు పదకొండేళ్ళు. ఒక్కచోట నిలిచే రకాన్ని కాదు, చెట్లెక్కడంలోనూ పరుగెత్తడంలోనూ మగపిల్లలు నా వెనకే. అలాంటిదానికి ఉన్నట్టుండి మోకాలు పట్టేసేది. దెబ్బ లేదు, వాపు లేదు. నాన్న పాల్వంచ తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాడు. డాక్టరు ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, ఏమీ లేదన్నాడు. ఇక ఆ రోజు నుంచి నాది నొప్పి కాదు, పని ఎగ్గొట్టే వేషం. అమ్మ కూడా సగమే నమ్మేది.

ఎండాకాలంలో ఊళ్ళో ఆడవాళ్ళంతా తెల్లవారగానే తునికాకు కోతకు అడవికి పోయేవారు. బీడీలు చుట్టేది ఆ ఆకుతోనే. వాళ్ళతో పోవాలని నాకు ప్రాణం కొట్టుకునేది. ఆ ఏడు అమ్మ ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. "నడుమల కాలు నొస్తుందన్నవో, మళ్ళ అడివి మొఖం చూడవు" అంది. నేను బుద్ధిగా తలూపాను.

గుంపుకు పెద్ద మా మేనత్త, నాన్నకు అక్క. ఆమె నడకను అందుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఆమెకో వింత అలవాటు ఉండేది. మిగతావాళ్ళు ఆకంతా కోసి, మూటలు ఇంటికి తెచ్చుకుని, నీడన కూర్చుని యాభై ఆకులకొక కట్ట కట్టేవారు. అత్త మాత్రం ఒడి నిండగానే అక్కడే ఏదో చెట్టు మొదట్లో కూర్చుని కట్టలు కట్టి లేచేది. ఆకు వాడిపోకముందే కట్టాలనేది. అందరూ దాన్ని ఆమె చాదస్తం కింద లెక్కగట్టారు.

రెండు రోజులు బాగానే నెట్టుకొచ్చాను. మూడో రోజు వాగు దాటి గట్టెక్కుతుంటే మోకాలు పట్టేసింది. పళ్ళు బిగించి, మొహాన నవ్వు పులుముకుని నడిచాను. అమ్మ నాలుగడుగుల ముందుంది. వెనక్కి తిరిగి చూసిందంటే నా పని అయిపోయినట్టే.

అప్పుడు అత్త వెనక్కి తిరిగి నా నడక చూసి, ఉన్నచోటే చతికిలబడి, అందరికీ వినపడేలా, "నా మోకాలు నొస్తుందే. మీరు నడువుండ్రి. ఈ పిల్లను నా కాడ ఉంచుండ్రి, కట్టలు కడతది" అంది.

గుంపంతా ఆగిపోయింది. ఏం తగిలింది వదినె అని అమ్మ కంగారు పడింది.

"ఏం తగల్లే. ఏండ్ల సంది నొస్తది. ఎందుకో నాకేం ఎరుక? ఆ మోకాలినే అడుగు."

వాళ్ళు నవ్వుకుంటూ ముందుకు పోయారు. నా కోసం అత్త ఎంత చక్కగా అబద్ధమాడిందో అని నేను మురిసిపోయాను. కానీ పక్కకు చూస్తే, ఆమె కళ్ళు మూసుకుని మోకాలు గట్టిగా నొక్కుకుంటోంది. అబద్ధం కాదది. ఇన్నేళ్ళూ కట్టల వంకతో కాలికి విశ్రాంతి ఇస్తూ, గుంపు పెద్దననే పరువు కోసం దాచుకున్న నొప్పిని ఆ రోజు నా కోసం అందరి ముందూ చెప్పేసింది. నాకు ఏడుపొచ్చింది.

"ఏడిస్తే లెక్క తప్పుతవ్ బిడ్డా" అంటూ అత్త నా ఒళ్ళో ఆకు పోసింది. నాలుగు కట్టలయ్యేసరికి నా మోకాలు సడలింది. ఇక లెమ్మంది. మళ్ళీ కోశాం, మళ్ళీ కూర్చున్నాం.

సాయంత్రం ఆకు కొనే కల్లంలో కట్టలు అప్పజెప్పేటప్పుడు మావి ఎవరికీ తీసిపోలేదు. మర్నాడు అమ్మే నన్ను నిద్రలేపి, కట్టలకు కావలసిన నార నా చేతిలో పెట్టింది. ఆ ఎండాకాలం నా అంత సంతోషంగా ఊళ్ళో ఎవరూ లేరు.

నాకిప్పుడు అరవై దాటాయి. ఆ నొప్పికి ఇంతవరకూ ఏ డాక్టరూ పేరు పెట్టలేదు, నేనూ అడగడం మానేశాను. పొలం పని మానలేదు, పెళ్ళిళ్ళలో వంటల దగ్గర ఇప్పటికీ నేనే ముందుంటాను. నొచ్చినప్పుడు మాత్రం నలుగురిలోనూ ఆ మాట చెప్పి కూర్చుంటాను, కాసేపటికి లేస్తాను. పక్కన ఎవరైనా పళ్ళు బిగించి నడుస్తున్నట్టు కనిపిస్తే, ఇంకాస్త గట్టిగా చెప్తాను.