పదకొండు పుస్తకాల నెల

నా చిన్నప్పుడు విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఒకే గోడకు అటు పక్కింటి అక్క వాళ్ళు, ఇటు మేము ఉండేవాళ్ళం. అక్క నాకన్నా రెండేళ్ళు పెద్దది. నెలలో తను చదివిన పుస్తకాల పేర్లన్నీ ఒక నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసుకునేది. నెలాఖరున మా నాన్న పోర్టు డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా అయినా విప్పకుండా ఆ పేజీ తెప్పించుకుని చదివేవారు. నా ప్రోగ్రెస్ కార్డు కూడా ఆయన అంత ఇష్టంగా చూసింది లేదు. “సూడే, ఆ పిల్ల తొమ్మిది సదివింది. నువ్వేటి సేత్తన్నావ్?” అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. మా నాన్నను అక్క గోడ దాటించి పట్టుకుపోతోందని ఏడుపొచ్చేది.

నేనూ ఒక నోటుబుక్కు పెట్టాను. మొదటి నెల రెండు, రెండో నెలా రెండే. మూడో నెలంతా అక్క మీద కుళ్ళుకోవడంతోనే సరిపోయింది, ఇక చదవడానికి తీరికెక్కడిది? గ్రంథాలయంలో పుస్తకాల జాబితా ముందేసుకుని, బాగున్న పేర్లు ఏరి రాసేశాను. అక్కవి తొమ్మిది, నావి పదకొండు.

నాన్న ఆ పేజీ చదివి నా తల నిమిరారు. అంతటితో ఆగితే బాగుండేది. మర్నాడు గట్టి అట్ట వేయిద్దామని నన్నూ, నోటుబుక్కునూ బైండింగు చేసే సాయిబు తాత దగ్గరికి తీసుకెళ్ళారు. గ్రంథాలయం పుస్తకాలు చిరిగినా ఆ తాత దగ్గరికే వచ్చేవి. ఆయన నా పేజీ మీద వేలు పెట్టి చదువుతూ ఒక పేరు దగ్గర ఆగిపోయారు. ఆ పుస్తకం గ్రంథాలయంలో ఉన్నది ఒకటే ప్రతి. అది రెండు నెలలుగా ఆ కొట్టులోనే, కుట్లు విప్పి, బరువు రాయి కింద ఉంది. దాని పాత అట్ట నాకూ కనిపించింది. తాత ఒక్క మాటంటే నాన్న ఇక జన్మలో నన్ను నమ్మరు.

“పిల్లని రేపట్నుంచి బడయ్యాక పంపండి బాబూ, సిన్న పనుంది,” అన్నారు తాత.

మర్నాడు ఆ పుస్తకం కాగితాలు కలగలిపి నా ముందు పోశారు. పై మూలలు చెదలు తిన్నాయి, పేజీ అంకెలు లేవు. “సదువుకుంటూ వరస పెట్టు బేటీ,” అన్నారు. మొదటి రెండు సాయంత్రాలూ అక్క ఈపాటికి ఎన్ని చదివేసిందోనన్న గోలే. మూడోనాడు కథలో పడి అక్కనే మర్చిపోయాను. ఎనిమిదోనాడు, పని పూర్తయ్యాక చూసుకుంటే, ప్రతి కాగితానికీ కుట్టు పడే అంచున పెన్సిలుతో సన్నటి అంకె ఉంది. విప్పేముందే తాత రాసి పెట్టుకున్నారు. నేను వరస పెట్టాల్సిన పనే లేదన్నమాట! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన నా నోటుబుక్కుకి జిగురు పూస్తూ, నా వైపు చూడకుండానే, “ఇందులో ఒకటి ఇప్పుడు అబద్ధం కాదు. మిగతా పదీ నువ్వే సూసుకో,” అన్నారు.

నాన్నకు ఆయన చెప్పలేదు. నాకూ ధైర్యం చాలలేదు. ఆ పది పేర్ల కిందా పెన్సిలు గీతలు గీసి, ఒక్కోటీ చదివాక ఒక్కో గీత చెరిపేశాను. రెండేళ్ళు పట్టింది.

ఇప్పుడు అక్క భీమిలిలో ఉంటోంది. ఈ వయసులోనూ నెలాఖరుకి తన పేజీ ఫోటో తీసి ఫోనులో పంపుతుంది. పోయిన నెల తొమ్మిది! అవే గుండ్రటి అక్షరాలు. చూడగానే కడుపు మండింది, దాపరికం ఎందుకు? నా పేజీలో రెండే ఉన్నాయి. మూడోది సగం దాకా చదివాను కదా, రాసేస్తే ఏం పోయిందని పెన్ను తీశాను కూడా. మళ్ళీ మూత పెట్టేసి, ఆ రెండు పేర్లనే ఫోటో తీసి అక్కకి పంపాను.