ఏడో తారీకు డబ్బులు

మా ఇంట్లో నెల అనేది గోడ మీది క్యాలెండర్లో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. డబ్బు లెక్కంతా దింపు నుంచి దింపుకే. చెట్టెక్కి కొబ్బరికాయలు కోసి దించడాన్ని మా వైపు దింపు అంటారు. మామిడికుదురు దగ్గర మాకు ఎకరంన్నర కొబ్బరితోట ఉంది. ఒక దింపు అయ్యాక మళ్ళీ కాయ అందిరావడానికి నెలన్నర పట్టవచ్చు, రెండు నెలలూ పట్టవచ్చు. నేను అమలాపురంలో డిగ్రీలో చేరి హాస్టల్లో దిగిన రోజున నా ఖర్చుల గురించి నాన్నగారు చెప్పింది ఒక్క మాటే.

"దింపవ్వగానే పంపుతానమ్మా. మళ్ళీ దింపు దాకా చూసుకుని వాడుకో."

నా రూమ్మేటు వాళ్ళ నాన్నగారు రావులపాలెంలో మాస్టారు. ఒకటో తారీకున ఆయనకి జీతం, రెండో తారీకున ఈ పిల్లకి డబ్బు. దాన్ని ముప్ఫైతో భాగించి రోజుకింత అని పెట్టుకునేది. మహా బుద్ధిమంతురాలు. నాకూ ఆ విద్య నేర్పాలని ఒకరోజు ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచి కూర్చుంది.

"నీకు నెలకెంత పంపుతారు?"

"నెలకి కాదు, దింపుకి."

"సరే, దింపంటే ఎన్ని రోజులు?"

నేనేం చెప్పను? చెట్టెక్కే ఆయనకి జ్వరమొస్తే వారం ఆలస్యం. వాన పట్టుకుంటే ఇంకో వారం. తీరా కాయ దిగాక ధర పడిపోతే నాన్నగారు అమ్మకుండా పెరట్లో రాశి పోయించి, ధర లేచే దాకా కదిలేవారు కాదు. నా మెస్సు బిల్లు, బస్సు ఖర్చు, ఫోన్ రీఛార్జి అన్నీ ఆ రాశిలోనే ఉండిపోయేవి. పొద్దున్నే లేచి అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి ధర ఎంతుందో ఫోన్లో చూసుకునే ఆడపిల్లను ఆ హాస్టల్లో నేనొక్కదాన్నే. ధర బాగుంటే ఆ సాయంత్రం పునుగులు తినేదాన్ని, లేకపోతే రూమ్మేటు బిస్కెట్లు తినేదాన్ని. పాపం ఆ పిల్ల తన బడ్జెట్లో నా బిస్కెట్లక్కూడా చోటు పెట్టింది.

ఇంటికి చెప్పాల్సి వస్తే నా ఖర్చులన్నిటికీ పేరు ఒక్కటే, జెరాక్సులు. చెవి దుద్దులు జెరాక్సులే, సినిమా జెరాక్సే, జాకెట్టు కుట్టించుకుంటే అదీ జెరాక్సే. నాన్నగారు ఎప్పుడూ ఆరా తీయలేదు.

అదే నాకు విచిత్రంగా ఉండేది. ఎందుకంటే మాది అనుమానాల ఇల్లు. కాయలు లెక్కపెట్టేటప్పుడు వ్యాపారి తాలూకు మనిషి ఒక పక్క, నాన్నగారు ఒక పక్క నిలబడి ఇద్దరూ పైకే లెక్కపెట్టేవారు. ఆ ఇద్దరి మీదా నమ్మకం లేక అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి మూడో లెక్క పెట్టేది. నేను ఆ గుమ్మంలో పెరిగాను. ఎవరైనా నాతో ఊరికే మంచిగా మాట్లాడితే వీళ్ళకేం కావాలో అని చూసే బుద్ధి నాకు అక్కడే అబ్బింది.

రెండో ఏడు మొదట్లో ఒకసారి నా ఖాతాలో ఏడో తారీకున డబ్బు పడింది. సంతోషించాను. తరవాతి నెల మళ్ళీ ఏడో తారీకునే, అంతే మొత్తం పడేసరికి నా గుండెల్లో రాయి పడింది. మూడో నెలా అంతే. కొబ్బరిచెట్టుకి తారీకులు తెలియవు. పైగా అప్పుడు కొబ్బరికి ధర లేదు. నాన్నగారికి ఫోన్ చేశాను.

"కాయ అమ్మేసేరా నాన్నగారూ?"

"ఎక్కడమ్మా, రాశి పెరట్లోనే ఉంది. ధరుంటే కదా."

"మరి డబ్బులెక్కడివండి?"



"ఏదో సర్దుబాటయిందిలేమ్మా. నీకెందుకు, చదువుకో" అని పెట్టేశారు.

సర్దుబాటు అనే మాట మా నాన్నగారి నోట అప్పు చేసినప్పుడే వస్తుంది. నాకు నిద్రపట్టలేదు. రూమ్మేటుకి చెబితే నవ్వింది. "అందరూ డబ్బు రాలేదని ఏడుస్తారు, నువ్వు వచ్చిందని ఏడుస్తున్నావు. హాయిగా ముప్ఫైతో భాగించుకోక!" అంది. భాగించాను. జీవితంలో మొదటిసారి నాకూ రోజుకింత అని ఒక అంకె వచ్చింది. కానీ ఆ అంకె చూస్తే భయమేసింది. ఆ డబ్బుతో పునుగులు కొనుక్కుంటే దేన్ని అమ్ముకుని తింటున్నానో తెలియకుండా తింటున్నట్టు ఉండేది.

ఇంకొకటి కూడా గమనించాను. అంతకుముందు అమ్మ నా ఫోన్ మొదటి రింగుకే ఎత్తేది. ఇప్పుడు పగటిపూట అసలు ఎత్తడం లేదు. సాయంత్రం తనే చేసి "ఛార్జింగ్ పెట్టేనే" అనేది. రోజంతా ఛార్జింగ్ ఎక్కే ఫోన్ ఈ భూమ్మీద ఎక్కడా లేదు. కాలేజీలో మధ్యాహ్నం బ్రేకులో కావాలనే చేసేదాన్ని. రోజూ ఛార్జింగే.

ఒక ఆదివారం ఇంటికి వెళ్ళాను. అన్నం వడ్డిస్తుంటే చూశాను, అమ్మ చేతులకి బంగారు గాజులు లేవు. మట్టిగాజులూ లేవు. పచ్చటి చేతులు బోసిగా ఉన్నాయి.

"గాజులేవమ్మా?"

"చేతులు వాచి బిగుసుకుపోతున్నాయి, తీసేసేనే" అంది, నా వంక చూడకుండా.

ఎక్కడా వాపు లేదు. వేళ్ళ చివరలు మాత్రం నీళ్ళలో నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది. నాన్నగారు పెరుగన్నం కలుపుకుంటూ తలెత్తలేదు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా భోజనం చేసిన తీరు నాకింకా గుర్తుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్కలు వేశాను. దారిలో ఒకచోట కొబ్బరితోట కొట్టేసి పొక్లెయిన్‌తో రొయ్యల చెరువు తవ్వుతున్నారు. పడిపోయిన చెట్లు వరసగా ఉన్నాయి. మాదీ ఇలాగే అయిపోతుందనిపించింది. గాజులు తాకట్టులో ఉన్నాయి, ఆ డబ్బే నాకు నెలనెలా పంచి పంపుతున్నారు, అది అయిపోయాక తోట లీజుకి ఇచ్చేస్తారు. అంతా కళ్ళకి కట్టినట్టు కనిపించింది. మా నాన్నగారి మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. ఇంట్లో ఇంత జరుగుతుంటే నాకొక్క మాట చెప్పరా? నేనేమైనా పరాయిదాన్నా?

ఆ రోజు నుంచి ఖర్చు బిగించేశాను. పునుగులు బంద్. బస్టాండు నుంచి ఆటో మానేసి నడక. మెస్సులో రాత్రి టిఫిన్ మానేస్తే బిల్లు తగ్గిస్తారా అని అడిగాను, తగ్గించరట, దాంతో తిన్నాను. మిగిల్చిన డబ్బుతో ఆ గాజులు ఎన్నేళ్ళకి విడిపించగలనో లెక్క వేస్తే నవ్వొచ్చింది, ఆ తరవాత ఏడుపొచ్చింది. అలా కాదని ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ సెమిస్టర్‌తో కాలేజీ మానేస్తాను. ఇంటి దగ్గర ఏదో ఒక పని చూసుకుంటాను. ఆ మాట చెప్పడానికి ఫోన్ చెయ్యలేదు. చెయ్యకుండానే ఒక బుధవారం క్లాసులు ఎగ్గొట్టి బస్సెక్కాను. ముందు చెబితే వాళ్ళు సర్దుకుంటారు. అసలు సంగతి నా కళ్ళతో చూడాలి.

తోట ఉంది. చెట్లన్నీ ఉన్నాయి. అది చూశాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. నాన్నగారు నన్ను చూసి ఉలిక్కిపడ్డారు.

"కబురైనా లేకుండా వచ్చేసేవేంటమ్మా? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందండి. అమ్మేది?"

"అమ్మా... పలివెల గుడికెళ్ళింది."

మామిడికుదురు నుంచి అంత దూరం పలివెలకి, బుధవారం నాడు, నాన్నగారిని వదిలేసి! మా అమ్మ గుడికి వెళ్ళాలంటే ముందు వారం నుంచీ ఊరంతా తెలుస్తుంది. ఆయన ఆ అబద్ధం చెప్పి, నాకు బొండం కొట్టి తెస్తానని కత్తి పట్టుకుని గబగబా తోటలోకి వెళ్ళిపోయారు.

నేను తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళాను. తాళంచెవి ఎప్పుడూ ఉండే చోటే, చీరల మడతల కింద ఉంది. లాకరు తీశాను. గాజులు ఉన్నాయి. గుడ్డలో చుట్టి, భద్రంగా.

సంతోషించాలి కదా. నాకు ఇంకా భయమేసింది. గాజులు ఉండగా చేతులు బోసిగా ఎందుకున్నట్టు? ఫోన్ ఎందుకెత్తదు? చెప్పకుండా ఎక్కడికి వెళుతుంది? ఆస్పత్రికి తిరుగుతోందేమో, నాకు తెలియనివ్వకూడదనుకున్నారేమో. బొండం చేతికిచ్చిన నాన్నగారిని ఎన్ని విధాల అడిగినా "వచ్చేస్తుందిలేమ్మా" అనే మాటే. ఆ బొండం నేను తాగలేకపోయాను. రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డాను.

ఎండ తగ్గే వేళకి ఒక బస్సు వచ్చి ఆగింది. రొయ్యల కంపెనీ బస్సు. రొయ్యలు ఒలిచి, ఐసులో సర్ది బయటికి పంపే కంపెనీ అది. ఊళ్ళవెంట తిరిగి ఆడవాళ్ళని పొద్దున్న ఎక్కించుకుని సాయంత్రం దింపుతుంది. అందులోంచి క్యారేజీ పట్టుకుని మా అమ్మ దిగింది. మెట్టు దిగుతూ వెనక్కి తిరిగి లోపల ఎవరితోనో ఏదో అని పకపకా నవ్వింది. మా అమ్మ రోడ్డు మీద అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. ఆ నవ్వుతోనే తిరిగి నన్ను చూసింది.

ఇద్దరం ఇంటికి వచ్చాం. మమ్మల్ని చూసి నాన్నగారు అరుగు మీద అటువైపు తిరిగి కూర్చున్నారు. నాకప్పుడు అర్థమైంది. రాబడి ఎంతైనా, తోటున్న ఇంటి ఆడది కంపెనీ బస్సెక్కడం మా ఇళ్ళల్లో లేదు. ఆయన దాన్ని నా దగ్గర కూడా పైకి చెప్పుకోలేకపోయారు.

అమ్మ పెరట్లో నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటూ చెప్పింది. లోపలికి గాజులు, ఉంగరాలు వేసుకు రానివ్వరట. ఫోన్లు బయటే పెట్టాలట. గ్లవుజులున్నా చల్లటి నీళ్ళకి వేళ్ళు నానిపోతాయట. జీతం ఏడో తారీకున ఇస్తారట.

"నువ్వు రొయ్యలు ఒలిచి నన్ను చదివిస్తావా? అక్కర్లేదమ్మా. నేను కాలేజీ మానేస్తాను. రేపట్నుంచి నువ్వు వెళ్ళొద్దు" అన్నాను. ఎప్పటినుంచో కూడబలుక్కున్న మాటలు. ఏడుస్తూనే అన్నాను.

అమ్మ రుద్దుకోవడం ఆపేసింది. అరుగు వైపు ఒకసారి చూసి, నా దగ్గరికి జరిగింది.

"గట్టిగా అనకే! నువ్వు మానేస్తే నన్నూ మానిపించేస్తారు."

నాకు అర్థం కాలేదు.

"పిల్ల ఖర్చులకని చెప్తేనే ఒప్పుకున్నారు మీ నాన్నగారు. అది కూడా ఎన్నాళ్ళు బతిమాలేనో తెలుసా? నీ హాస్టల్ లేకపోతే నేను మళ్ళీ ఈ వంటింట్లోకే. అక్కడ పదిమందిమి ఉంటాం. కబుర్లు చెప్పుకుంటాం. ఏడో తారీకొచ్చేసరికి నా పేర డబ్బు పడుతుంది. నీకు పంపేది సగమే. మిగతాది నా దగ్గరే ఉంది, అదెంతో ఆయనకి చెప్పలేదు." అని నా మొహంలోకి చూసింది. "ఖర్చు తగ్గించి చెప్పకు. ఇంకో ఐదొందలు పెంచి చెప్పు."

మర్నాడు కాలేజీకి వచ్చేశాను. రూమ్మేటుకి అంతా చెబితే కళ్ళు తుడుచుకుని, ఎంత మంచి అమ్మో అంది. నాకు మాత్రం లోపల పురుగు తొలుస్తూనే ఉంది. పిల్ల చదువు మానేస్తానని ఏడుస్తుంటే ఏ తల్లయినా సరిగ్గా అలాంటి మాటే కల్పించి చెబుతుంది కదా? నా మనసు తేలికపడాలని, తను సుఖంగా ఉన్నట్టు నటించి ఉండొచ్చు కదా? వేళ్ళు చూస్తే అబద్ధమనిపించేది. బస్సు మెట్టు మీది నవ్వు గుర్తొస్తే నిజమనిపించేది. నాన్నగారికి ఐదొందలు పెంచే చెప్పాను. వచ్చాయి. ఖర్చు పెట్టడానికి చేతులు రాలేదు. అలా ఏడాదిన్నర గడిచింది.

ఆఖరి సెమిస్టర్లో ఒక సాయంత్రం నాన్నగారు ఫోన్ చేశారు. గొంతు ఉషారుగా ఉంది.

"పరీక్షలయిపోతే ఇంటికొచ్చేస్తావు కదమ్మా. ఇంక నీకు ఖర్చులుండవు. మీ అమ్మని కూడా ఆ బస్సు మానేసెయ్యమంటాను."

నేను అప్పటిదాకా పీజీ గురించి ఆలోచించిందే లేదు. "నేను పీజీ చదువుతానండి నాన్నగారూ" అనేశాను.

"ఇంకో రెండేళ్ళా?"

"ఆయ్. ఖర్చు కూడా పెరుగుతుందండి."

"ఉండమ్మా, మీ అమ్మనో మాట అడుగుతాను" అని ఫోన్ పక్కకి తిప్పి సంగతి చెప్పారు. నేను చెవి అదిమి పట్టి విన్నాను.

"మీ ఇష్టమండి" అంది అమ్మ. "పిల్ల అంత ముచ్చటపడుతుంటే కాదంటామేంటండి? ఏం చేస్తాం... నేనే ఎలాగో ఓపిక చేసుకుని వెళ్తాన్లెండి." ఆ తరవాత ఒక పెద్ద నిట్టూర్పు వినపడింది.

మా అమ్మ నాన్నగారితో అంత వినయంగా మాట్లాడటం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆ నిట్టూర్పు విన్నాక, ఆ రోజు పెరట్లో తను చెప్పిందంతా నిజమేనని నమ్మాను.