ఖాజాగూడ గీత

ఉపగ్రహాల సంకేతాలతో నేల ఏటా ఎంత జరుగుతోందో లెక్కగట్టడం మాదాపూర్ ఆఫీసులో రంగనాథ్ పని. అది గోరు పెరిగినంత మెల్లగా జరుగుతుందంటూ తన బొటనవేలి గోరు చూసుకుంటాడు. ఆ సంకేతాలు అందుకోవడానికి బండమీద బిగించిన యాంటెన్నా మారిస్తే, తెరమీద నేల కదలిక చూపే గీత ఎగిరిపడుతుంది. అది నిజంగా నేల కదలిక కాదు గనక ఆ ఎగుడు తీసేసి గీతను కలపాలి. ఖాజాగూడ యాంటెన్నా మార్చింది ఆయన భార్య సుష్మ పోయిన రోజున. ఆ ఒక్క గీతను ఆయన ఇంతవరకు ముట్టుకోలేదు.

"అన్నా, ఇయ్యాల సరిచేయకుంటే ఖాజాగూడ కొలతలన్నీ పక్కన పెడ్తరంట," అన్నాడు పక్కసీటు మహిపాల్.

"చేస్తాలేప్పా."

మీట నొక్కాడు. ఆ రోజు ఏమీ జరగనట్టు గీత సాఫీగా సాగిపోయింది.

మహిపాల్ తొంగిచూశాడు. "మస్తు కలిపినవ్. యాడ తెగిందో తెలుస్తనే లేదు."

రంగనాథ్ తలూపి, గోరు చూసుకున్నాడు.