నాన్న ఇంటి ముందు వాలు

మా ఆయన్ని అందరూ మట్టం మేస్త్రీ అంటారు. ఇళ్ల ముందు, గేటు నుంచి గుమ్మం దాకా కారు దారి పరవడం ఇరవై ఏళ్లుగా ఆయన పని. రాయి ఎంచుకోవడానికి ఎవరొచ్చినా ముందు పలక మీద చెంబుడు నీళ్లు కుమ్మరించి, "కాలు పెట్టి చూడండి, జారితే వద్దు" అంటారు. పరిచాక మళ్లీ నీళ్లు పోస్తారు. అవి వీధివైపు పారేదాకా కూలీలను ఇళ్లకు పోనివ్వరు.

ఇంత పనిమంతుణ్ణి పక్కనపెట్టి, మా నాన్న తన ఇంటి ముందు దారి పనిని మా చెల్లెలి మొగుడికి ఇచ్చారు. మరిది ఈ పనిలోకి దిగి రెండేళ్లు కూడా కాలేదు. రంగురంగుల సిమెంట్ దిమ్మెల బొమ్మల పుస్తకం తెచ్చి చూపించేసరికి నాన్న పడిపోయారు. అప్పట్నుంచీ తోడల్లుడి ఊసెత్తితే చాలు, "ఎవరూ, ఆ పుస్తకాలాయనా?" అని మూతి ముడవడం మా ఆయనకు అలవాటైంది. నాకు మాత్రం కడుపు మండలేదా? మండింది. చెల్లెలు ఫోన్ చేస్తే రెండుసార్లు ఎత్తలేదు కూడా.

పని సగంలో ఉండగా ఈయన ఒకసారి చూసొచ్చారు. ఎలా ఉందని అడిగితే ఒక్క ముక్క చెప్పలేదు. పైగా ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్లారు. ఆ ఈలకే నేను అనుమానపడాల్సింది. ఇక ఆ రోజు నుంచీ పొద్దున లేస్తే ఆయనకు ఆకాశం వంక చూడటమే పని.

మూడు వారాలకు వాన దంచి కొట్టింది. ఇంట్లోకి నీళ్లొచ్చాయని అమ్మ ఫోన్ చేయగానే, నేను తాళం వేసేలోపే మా ఆయన బండి మీద సిద్ధంగా ఉన్నారు. వెళ్లేసరికి ముందుగది నిండా మడమలలోతు నీళ్లు. అమ్మ చీపురుతో బయటికి నెడుతోంది. నాన్న తడిసిన పరుపును గోడకు నిలబెడుతున్నారు. మరిది తల వంచుకుని బకెట్‌తో ఎత్తిపోస్తున్నాడు.

మా ఆయన గుమ్మంలోనే నడుం మీద చేతులు వేసుకున్నారు. "నేను అనుకుంటూనే ఉన్నాను మావయ్యా. ఆ రోజు వచ్చినప్పుడే మట్టానికి కట్టిన దారం చూశాను, వాలు ఇంటివైపే ఉంది."

నాన్న పరుపు వదిలేశారు. "ఆ రోజే చూశారా అల్లుడుగారూ?"

"చూడకేం? ఇరవై ఏళ్ల అనుభవం!"

"మరి చెప్పలేదేం?"

మా ఆయన నడుం మీది చేతులు దించేశారు. అమ్మ చీపురు ఆపి నా వంక చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్న మరిదివైపు తిరిగారు. "అన్నీ తీసేసి మళ్లీ నువ్వే వెయ్యి బాబూ. నీకు తెలియక జరిగింది."

"అలాగే మావయ్యా. ఈసారి అన్నయ్యగారిని కూడా దగ్గరుండి చూడమంటాను," అన్నాడు మరిది.

"అక్కర్లేదు," అన్నారు నాన్న.