తప్పింది ఆయన గురి కాదు

ఒక మాట ఏళ్ళ తరబడి నా లోపలే ఉండిపోయింది. బరువు అంటారు గానీ, ఇప్పుడది బరువుగా కూడా తెలియడం లేదు. తిమ్మిరెక్కిన కాలు ఉంటుంది చూడండి, నాదేనని తెలుస్తుంది, గిచ్చితే మాత్రం తెలియదు. అలా ఉంది. నా పేరు చెప్పను. జరిగింది మాత్రం దాచకుండా చెప్తాను.

బోధన్ చుట్టుపక్కల చెరకు వేసేవాళ్ళకు అడవిపందుల సంగతి తెలుసు. మంద దిగిందంటే తోట నేలమట్టం. రైతులు మొరపెట్టుకుంటే అనుమతి ఉన్న షూటర్ వస్తాడు. ఆ రోజుల్లో మా వైపుకు వచ్చేది రహీం చాచా. బోధన్‌లో తాళాలు బాగుచేసే దుకాణం ఆయనది. అరవై దాటినా, ఏ జంతువునూ గాయంతో వదలడని పేరు. "బాధవెట్టి సంపొద్దు బేటా" అనేవారు. పందిని ఆయన ముట్టుకోరు. గుంత తీయించి పూడ్పించడం నా పని. అలా వెంట తిరుగుతూ తుపాకీ పని నేర్చుకున్నాను. అప్పటికే నాకు పెళ్ళయింది, కూతురు బడికి పోతోంది. పసితనం అని తప్పించుకోవడానికి లేదు.

ఆ రోజు మధ్యాహ్నం, కోత అయిపోయిన మడిలో చాచా దుర్బీను సరిచేశారు. తుపాకీ మీద బిగించే స్కోపును ఆయన అలాగే పిలిచేవారు. దూరంగా గట్టుకు ఒక అట్టపెట్టె నిలబెట్టి, ఇసుక సంచి మీద తుపాకీ ఆనించి కాల్చడం, గుండు ఎక్కడ తగిలిందో వెళ్ళి చూడటం, దుర్బీను మీది మరను టిక్కుమని కాస్త తిప్పడం, మళ్ళీ కాల్చడం. అద్దంలో గీతలు కలిసే చోటే గుండు పడేదాకా ఆయన లేవలేదు. తర్వాత గుండ్లు తీసేసి, పొద్దు వాలే వేళ చేసే అసర్ నమాజుకు మోటారు గది వెనక్కి వెళ్ళారు.

తుపాకీ ముట్టొద్దని ఆయన అనలేదు. అనాల్సిన అవసరం ఉందనుకోలేదు. నేను తీశాను. దుర్బీనులోంచి చెరకు పూత చూశాను, గట్టు మీది కొంగను చూశాను. దాన్ని పక్కనున్న ట్రాక్టర్ ట్రాలీకి ఆనించి, నీళ్ళు తాగడానికి వంగాను. తుపాకీ జారిపడింది. దుర్బీను ట్రాలీ కొక్కేనికి తగిలింది. గీత కూడా పడలేదు. తుడిచి, తీసినచోటే పెట్టాను.

దెబ్బ తగిలిన దుర్బీనును మళ్ళీ సరిచూడకుండా కాల్చకూడదని నాకు తెలుసు. నేర్పింది ఆయనే. మరెందుకు చెప్పలేదు? తిడతారని కాదు. నన్ను కూడా షూటర్‌గా తీసుకోమని అధికారులతో మాట్లాడతానని ఆ వారమే మాట ఇచ్చారు. ఆ మాట వెనక్కి తీసుకుంటారేమోనని. అది భయమా, ఆశా? ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా రెంటినీ విడదీయలేకపోయాను.

మర్నాడు పొద్దున, మంచు ఇంకా విడవకముందే పంది గట్టెక్కింది. చాచా మోకాలి మీద కూర్చున్నారు. నా వైపు తిరక్కుండానే అడిగారు.

"నిన్నటిసంది దీన్ని ఎవ్వరు ముట్టలే గదా?"

"ముట్టలే చాచా."

"కింద గిట్ల పడలే గదా?"

"లేదు. నువ్వు పెట్టినట్లే ఉన్నది."

కాల్చారు. గుండెకు తగలాల్సింది పొట్టకు తగిలింది. పంది అరుస్తూ చెరకులోకి దూసుకుపోయింది. అవతలి తోటలో మహారాష్ట్ర నుంచి వచ్చిన కోతవాళ్ళు అప్పుడే పని మొదలుపెట్టారు. సఖూబాయి అనే ఆమె వంగి మొదళ్ళు కొడుతోంది. మేము చేరేసరికి పంది కోర తగిలి ఆమె తొడ చీలిపోయి ఉంది. "ఆయీ, ఆయీ" అని మరాఠీలో అమ్మను పిలుస్తోంది. చాచా దగ్గరకు వెళ్ళి పందిని కాల్చేసి, తన రుమాలు విప్పి ఆమె కాలికి కట్టారు. రుమాలు తడిసిపోయింది. నేనేం చేశాను? నిలబడ్డాను.

ఆమె బతికింది. మరుసటి ఏడు కోతలకు భర్త ఒక్కడే వచ్చాడు. ఆమె ఇక వంగి పని చేయలేదని చెప్పాడు.

ఇక్కడితో అయిపోతే నేను అబద్ధాలకోరును మాత్రమే అయ్యేవాణ్ణి. ఆ సాయంత్రం చాచా గట్టు మీద కూలబడి తుపాకీ నా చేతికిచ్చారు. "నువ్వు కొట్టి సూడు బేటా. తప్పు దీనిదా, నాదా?" అన్నారు. నిన్నటి పెట్టెనే నిలబెట్టి కాల్చాను. గుండు మధ్య నుంచి జానెడు పక్కకు పడింది. ఆయన తల వంచుకుని ఉన్నారు, చూడలేదు. "నడిమిట్లనే పడ్డది చాచా" అని అరిచాను. పక్క మడిలో చెరకు ఆకు తగలబెడుతున్నారు. పెట్టెను తీసుకెళ్ళి అందులో వేశాను. మరను తిప్పి దుర్బీను సరిచేశాను. నా చేతులు వణకలేదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాత ఆయన్ను నిజామాబాద్‌లో కంటి డాక్టరుకు చూపించింది కూడా నేనే. కళ్ళు బాగున్నాయన్నారు. బస్సులో తిరిగి వస్తూ చాచా, "కండ్లు మంచిగనే ఉన్నయంటే చెయ్యే పోయినట్లు" అన్నారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. బోధన్ వచ్చింది. దిగాం.

ఆయన లైసెన్సు వదిలేశారు. తన స్థానంలో నన్ను తీసుకోమని స్వయంగా వెళ్ళి చెప్పారు. ఇప్పుడు మా వైపు షూటర్‌ను నేనే. నా గురి మంచిదంటారు.

మొన్న రంజాన్‌కు వాళ్ళింటికి వెళ్ళాను. తాళాల పని కూడా మానేశారట. ఛాయ్ కెటిల్ నా ముందుకు జరిపి, "నువ్వే పొయ్యి బేటా, నా చేతి మీద నాకు భరోసా లేదు" అన్నారు. ఆ చెయ్యి ఇసుమంతైనా వణకడం లేదు. నేను పోశాను. ఇద్దరం తాగాం. ఇంటికొచ్చాను.

ఆయనకు చెప్తానా? తెలియదు. చెప్తానని మీకు మాట ఇస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. సఖూబాయిది ఏ ఊరో కూడా నేను అడగలేదు. క్షమించమని మిమ్మల్ని కోరడం లేదు, ఆ హక్కు మీ దగ్గర లేదు. తుపాకీని పడేసింది నేను. ఈ వాక్యాన్ని ఇంతవరకు నోటితో అనలేదు, చేత్తో రాయలేదు. ఇప్పుడు రాశాను. కొంచెం ఊపిరి ఆడుతోంది.