లడ్డు చెవి మీద నా ప్రేమ

కుక్కల మనసు నాకు తెలుసనుకున్న రోజుల్లో ఇంటి మీదికి తెచ్చిన ఉపద్రవం చెబుతాను. నవ్వదలచుకుంటే నన్ను చూసి నవ్వండి, కుక్క ఏ పాపమూ ఎరగదు.

అత్వెల్లిలో అత్తగారింటికి వచ్చి రెండేళ్లయింది అప్పటికి. మా కుక్క లడ్డు పరమ సాధువు. దొంగ వచ్చినా తోక ఊపే రకం. అలాంటిది ఒకరోజు తల నిమరబోతే పళ్లు బయటపెట్టి గుర్రుమంది.

కారణం నాకు వెంటనే తెలిసిపోయింది. కొత్త సోఫా ఎక్కనివ్వలేదని అలిగింది.

"అలుగుడు కాదే. తల ఇదిలిస్తాంది సూడు. దానికేదో నొస్తాంది" అంది మా అత్తమ్మ.

"మీకు తెల్వదు అత్తమ్మా. ప్రేమతోని మారుస్త."

ఇక పొద్దునా సాయంత్రం చెవుల వెనక వేళ్లు పెట్టి, చపాతీ పిండి పిసికినంత శ్రద్ధగా నిమిరాను. అది గుర్రుమన్న కొద్దీ నా ప్రేమ పెరిగింది. ఐదోరోజుకు నన్ను చూస్తే మంచం కిందికి దూరేది. ఆరోరోజు నా చీర కొంగు చింపింది.

"ఇగ లాభం లేదు. శామీర్‌పేటల మా దోస్తు పొలముంది, ఆడ ఇడిసొస్త" అన్నాడు మా ఆయన.

నాకు ఏడుపొచ్చింది. అత్తమ్మ మాత్రం కొంగు నడుముకు చుట్టింది. "ముందుగాల మేడ్చల్ పశువుల దవాఖానకు నడువుండ్రి."

అక్కడ డాక్టరమ్మ లడ్డు మూతికి గుడ్డ కట్టించి, చెవిలో లైటు వేసి చూసింది.

"చీము వట్టింది. సాధు కుక్క ఉన్నట్టుండి మీదికొస్తే చెవో, పన్నో, కీళ్లో ఏదో నొస్తాందేమోనని ముందుగాల సూడాలె. ఈ చెవి ఎవరన్నా ముట్టిన్రా?"

అత్తమ్మ నా వైపు చూసింది.

"రోజుకు రెండుమాట్లు" అన్నాను.

"ఎట్ల?"

చేతులతో చేసి చూపించాను. డాక్టరమ్మ లైటు పక్కన పెట్టి, లడ్డు వీపు నిమిరింది.

"గింత జేసినా మిమ్ముల కరవలేదా?"

"లేదు మేడం."

"దేవుని అసొంటి కుక్కమ్మా ఇది."

చెవి కడిగి, చుక్కల మందు, మాత్రలు ఇచ్చింది. రెండు వారాలకు లడ్డు తనంతట తానే వచ్చి నా ఒళ్లో తల పెట్టింది. పొలం మాట మా ఆయన మళ్లీ ఎత్తలేదు. అత్తమ్మ దాన్ని వీధి చివరిదాకా ఊరేగించి, ప్రతి గడప ముందూ ఆగి, నేను నిమిరిన తీరు చేతులతో చేసి చూపించింది.

అందుకే నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఈ ఇంట్లో ఎవరు గుర్రుమన్నా, మా ఆయనతో సహా, చెవిలో లైటు వేసి చూడనిదే అలిగారని అనను.