నెలిదా ఏరిన బ్రేకు ప్యాడ్లు

గోధుమచేల మధ్య ఊరు కొలోనియా బెనీతాలో చక్రాల మీద కదిలేది ఏదైనా వేళకు ఆగుతోందంటే అది నెలిదా జియకోసా చేతి చలవ. పాల లారీలు, బడి బస్సు, గోధుమల ట్రక్కులు, పాదిరిగారి డొక్కు వ్యాను, ఆఖరికి శవాల బండి కూడా ఏడాదికోసారి ఆమె బ్రేకుల కొట్టు ముందు చక్రం ఊడదీయించుకుని నిలబడవలసిందే. అరవై రెండేళ్ళ మనిషి. పొట్టి. ముంజేతులు మాత్రం పాలు పితికేవాళ్ళ ముంజేతుల్లా ఉంటాయి. నలభై మూడేళ్ళుగా ఆ కొట్టులో కూర్చుని పరుల తొందరకు పగ్గం వేస్తోంది. తాను కారు నడపదు. సైకిలు మీద వస్తుంది. ఆ సైకిలుకు వెనక బ్రేకు ఊడిపోయి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

పశువుల డాక్టరు అదెల్మో పౌతాస్సోకు ఇవన్నీ చిన్నప్పటి నుంచీ తెలిసినవే. తెలిసినవి కనకే ఎన్నడూ పట్టించుకోలేదు.

ముప్ఫై ఏళ్ళు ఆవుల కడుపులో మోచేతి దాకా చెయ్యి పెట్టి దూడల్ని లాగిన ఆ డాక్టరు, యాభై అయిదో ఏట ఒక పసుపుపచ్చని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాడు. కప్పలా నేలకు అంటుకుని ఉంటుంది. నెలలో ఆఖరి ఆదివారం ఊరి క్లబ్బువాళ్ళు తమ రేసుబాట గేటు తెరుస్తారు. నెత్తిన హెల్మెట్టు, బండికి బ్రేకు ఉంటే చాలు, ఎవరైనా వచ్చి తిరగొచ్చు. పందెం లేదు, కప్పు లేదు. మందులషాపు ఆయన, లెక్కల పంతులమ్మ, కసాయి చికీతో, అందరూ తలా ఒక బండి వేసుకుని వస్తారు. ఎవరి దడ వాళ్ళది.

ఏప్రిల్లో, రేసుబాటలో తిన్నగా సాగే పొడుగుబాట చివర అదెల్మో కాలి కింద బ్రేకు పెడలు తడిసిన స్పాంజిలా కిందికి దిగిపోయింది. బండి కంచె దాటి, కోతకొచ్చిన సోయా చేలో రెండు వందల గజాలు దున్నుకుంటూ పోయి ఆగింది. ఒంటికి గీత పడలేదు గాని కాలికి ఏదో అయింది. అప్పటి నుంచీ ఆ బాట చివర, మలుపు ఇంకెన్ని మీటర్లో చెప్పే పలకలు కనిపించగానే కుడికాలు దానంతటదే యాక్సిలరేటరు మీద నుంచి లేచిపోతుంది. మందలించినా వినదు. నమ్మని బండిని ఉంచుకోవడం బండికే అవమానమనుకున్నాడు. కొర్దోబా పట్నంలో ఒకాయన దాన్ని అమ్మమని చాలాకాలంగా అడుగుతున్నాడు. నవంబరు ఆదివారం కూడా కాలు ఇలాగే లేస్తే, సోమవారం వచ్చి తోలుకుపొమ్మని మాట ఇచ్చాడు.

మాట ఇచ్చేముందు చేయగలిగినదంతా చేశాడు. ఏప్రిల్లో ఉన్నవి మామూలు ప్యాడ్లు, ఊళ్ళో తిరగడానికి పనికొచ్చేవి. వాటిని తీసేసి, అన్నిట్లోకీ గట్టివి తెప్పించాడు. రెండే రెండు ఆదివారాల్లో అవి రేకు దాకా అరిగిపోయాయి, అవి అదిమిపట్టే చక్రాల డిస్కుల మీద గోరు దిగేంత చాళ్ళు పడ్డాయి. చచ్చిన ప్యాడ్లన్నీ సంచీలో వేసుకుని నెలిదా కొట్టుకు వెళ్ళాడు.

ఆమె తడిపిన వార్తాపత్రిక పరిచి, వాటిని వరసగా పేర్చి, తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచింది. ఆ కొట్టులో ఎవరూ గాలిగొట్టంతో బ్రేకు దుమ్ము ఊదకూడదు. ఆమె తండ్రి సెకొందో, రాతినార (ఆస్బెస్టాస్) కలిపిన బ్రేకు లైనర్లకు రివిట్లు కొట్టి, ఆకురాయితో రాసి, నోటితో ఊదేవాడు. పాలలారీల బ్రేకులన్నీ ఆయనవే. యాభై ఆరో ఏట ఆ దుమ్మే ఆయన ఊపిరితిత్తుల్లో గూడు కట్టి తీసుకుపోయింది. అప్పటికి నెలిదా పెళ్ళిగౌన్లు కుట్టేది. సగం కుట్టిన గౌను ఒకటి పక్కనపెట్టి, తండ్రి ఒప్పుకున్న లారీ పని పూర్తిచేద్దామని కొట్టు తెరిచింది. మళ్ళీ మూయలేదు.

"ఇది కాలి చచ్చింది," మొదటి ప్యాడు ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చెప్పింది. "ఇదిగో, ఇది చలికి చచ్చింది."

"చలికా? బ్రేకుకి చలేమిటి, దోన్యా?" అమ్మగారూ అన్నట్టు ఊరంతా ఆమెను అలాగే పిలుస్తుంది.

"నీ దూడలకి లేదూ?"

"అన్నిట్లోకీ గట్టిదని తెప్పించానండీ! గట్టిదైతే ఎక్కువకాలం వస్తుందనుకున్నా."

"గట్టిదే, కాదనను. బరువైన బండిని, మహా వేగం నుంచి ఆపేవాళ్ళకి చేసిన సరుకు. బాగా కాగితే గాని పట్టు ఇవ్వదు. నీ కప్పపిల్ల దాన్ని ఎక్కడ కాగబెడుతుంది? కాగక, ఆకురాయిలా డిస్కుని గీకింది, తానూ పొడైపోయింది. ఆవుకి ఒంటివేడి ఎంతుండాలి డాక్టరూ?"

"ముప్ఫై ఎనిమిదిన్నర."

"చూడకుండా మందిస్తావా?"

నెలిదా ఆ పూటకు వేరే ప్యాడ్లు బిగించి, డిస్కు అంచున మూడు రంగుల చుక్కలు పెట్టి అదెల్మోను బాటకు పంపింది. ఒక్కో రంగు ఒక్కో వేడికి తెల్లబడుతుంది. తిరిగొచ్చాక భూతద్దంతో చూసింది. ఆకుపచ్చ పూర్తిగా తెల్లబడింది, నారింజ సగం, ఎరుపు అలాగే ఉంది. ఆమె పైఅర నుంచి ఒక అట్టపెట్టె దింపింది. మరీ గట్టివీ కావు, మెత్తవీ కావు. నారింజరంగు సగం తెల్లబడే వేడిలో బతికే సరుకు. చాళ్ళు పడ్డ డిస్కులు తీసేసి కొత్తవి బిగించింది.

మూడు ఆదివారాల తరవాత ప్యాడ్లను కొలిస్తే గోరు మందం కూడా తగ్గలేదు. కానీ ప్రతిసారీ ఒకటే వింత. పొద్దున మొదటి విడత పెడలు బండరాయిలా ఉంటుంది. ఒకసారి లోపలికొచ్చి కాసేపు ఆగి మళ్ళీ వెళితే కాలి కింద వణుకు. ఆ వణుకు తగిలాక పలకలు కనిపిస్తే చాలు, కాలు లేచిపోతుంది.

"డిస్కు వంగిందంటున్నారు మావాళ్ళు," అన్నాడు.

"మీవాళ్ళ బుర్రలు వంగాయి," అంది నెలిదా. "ఆదివారం నేనే వస్తా."

నలభై మూడేళ్ళలో ఆమె రేసుబాటకు రావడం అదే మొదలు. గడ్డిటోపీ పెట్టుకుని, మడతకుర్చీ, సలామీ రొట్టె తెచ్చుకుని, బళ్ళు ఆగే వరస దగ్గర గోడవారన కూర్చుంది. చూసినవాళ్ళు చూసినట్టే పలకరింపులు మొదలెట్టారు.

"దోన్యా నెలిదా! మా అందర్నీ ఆపడానికి వచ్చారా?"

"ఆగడం వచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడేమో చూద్దామని వచ్చాను," అంది రొట్టె నములుతూ.

అదెల్మో ఆరు చుట్లు తిరిగి వచ్చాడు. ఎప్పటిలాగే చికీతో (పేరుకి చిన్నోడు, మనిషి తలుపులో పట్టడు) సొరబుర్రలో, టీ పెట్టినట్టు, మాతే ఆకు మీద వేణ్ణీళ్ళు పోసి కిటికీలోంచి అందించాడు. అదెల్మో గొట్టంతో పీల్చి బుర్ర తిరిగిచ్చి, రెండోది కూడా తాగి, బయల్దేరాడు. వణుకు వచ్చింది. పలకల దగ్గర కాలు లేచింది. సోమవారం వచ్చే మనిషి మొహం కళ్ళముందు కదిలింది.

రెండోసారి వచ్చి ఆగేసరికి నెలిదా కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"కదలకు. నీ కుడికాలు ఎక్కడుంది?"

"బ్రేకు మీద."

"ఎందుకు?"

"ఇక్కడ వాలు కదండీ, జారిపోతుంది. వేడిమీద చేతిబ్రేకు లాగొద్దని మీరేగా చెప్పింది!"

నెలిదా వరస చివరిదాకా చూసింది. పదకొండు బళ్ళు. పదకొండింటి వెనకా ఎర్రదీపాలు వెలుగుతున్నాయి. పదకొండు కిటికీల్లో పదకొండు సొరబుర్రలు. ఒక్కొక్కరూ తాపీగా పీలుస్తూ, కబుర్లాడుతూ, కాలితో మాత్రం నిప్పులాంటి డిస్కు మీద ప్యాడును అదిమి పట్టి ఉన్నారు.

"నేనే చెప్పాను," అంది చివరికి. "చెయ్యి తియ్యమన్నాను. కాలు తియ్యమనలేదు. ఊరందరికీ ఇన్నేళ్ళూ సగమే చెప్పానన్నమాట."

"తప్పు మీది కాదు దోన్యా, మాతేది!" అన్నాడు చికీతో.

"నోర్మూసుకుని రెండు చెక్క ముక్కలు పట్రా." అదెల్మో వైపు తిరిగింది. "కాలిన పెనానికి పిండి అదిమితే అంటుకోదా? ప్యాడు పొడి అలా అంటిన చోటు తిరిగొచ్చిన ప్రతిసారీ కాలికి తగులుతుంది. డిస్కు వంగలేదు. దాని మీద మచ్చ పడింది, అంతే."

గడ్డిలో చతికిలబడి, డిస్కులు చల్లారాక, గరుకు కాగితంతో మచ్చలు రాసింది. తడిగుడ్డతో తుడిచింది. ప్యాడు పొడి డిస్కంతా సమంగా పరుచుకోవాలంటే పదిసార్లు వేగం తగ్గించు, ఒక్కసారి కూడా నిలపకు, ఆఖరి చుట్టు బ్రేకు ముట్టకుండా తిరిగిరా, వచ్చాక చక్రం కింద చెక్క పెట్టించుకో అని చెప్పింది. అదెల్మో అన్నీ చేసి వచ్చాడు. ఇక మిగిలింది పొడుగుబాట.

"ఎక్కండి దోన్యా," అన్నాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఒంటరిగా వెళితే కాలు లేస్తుందని లోపల తెలుసేమో.

ఆమె గడ్డిటోపీ చికీతో నెత్తిన పెట్టి, హెల్మెట్టు తగిలించుకుని ఎక్కింది.

పొడుగుబాట మీద కోయని గోధుమ చేలు రెండువైపులా పసుపు చారలైపోయాయి. మూడు వందల పలక పోయింది. రెండు వందలది వచ్చింది. కాలు లేవబోయింది. పక్కన నెలిదా రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు కూర్చుంది. నూట యాభై. అదెల్మో నొక్కాడు.

పెడలు కదలలేదు, వణకలేదు. ఎదుటి నుంచి ఒక పెద్ద చెయ్యి వచ్చి బండిని ఒడిసిపట్టుకున్నట్టయింది. మెడనరాలు ముందుకు లాగాయి. పెనుగాలిలా వచ్చిన ఆ వేగమంతా, టన్ను ఇనుమూ ఇద్దరు మనుషులూ మోసుకొచ్చిన ఆ ఊపంతా ఎక్కడికి పోయింది? అరచేతిలో పట్టే నల్లటి బిళ్ళల్లోకి. ముప్ఫై ఏళ్ళలో ఎన్నో పుట్టుకలు చూసిన డాక్టరు, అంతటి వింత మళ్ళీ ఇప్పుడే చూశాడు. మలుపు తిరిగాక గాని ఊపిరి తీసుకోలేదు.

ఇంకో రెండు చుట్లు. కాలు రెండుసార్లూ మాట విన్నది. చల్లార్చే చుట్టు తిరిగి లోపలికొచ్చారు. చికీతో చక్రం కింద చెక్క తోశాడు.

నెలిదా హెల్మెట్టు తీయకుండానే దిగి, ముందు చక్రం దగ్గర కూర్చుని, జానెడు దూరంలో అరచెయ్యి పెట్టింది. ఎంతసేపటికీ తీయలేదు.

"ఇన్నేళ్ళూ చల్లారినవాటినే చేత్తో పట్టాను," అంది. "బతికున్నప్పుడు ఇలా ఉంటుందన్నమాట."

"చికీతో, కొర్దోబా ఆయనకి ఫోను కొట్టు. రావద్దను," అన్నాడు అదెల్మో.

"ఏమని చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పవయ్యా. నాకిప్పుడు మాటలు రావడం లేదు."

అని, తానూ వెళ్ళి ఆమె పక్కన గొంతుక్కూర్చుని, ఆ వేడికి అరచెయ్యి చాచాడు.